ఏ పేటలో దిగమంటారు?

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలై నడుం వాల్చే వేళకి బరంపురం నుంచి మా ఆడపడుచు కూతురు ఫోను చేసింది. అల్లుడికి చెన్నైలో ఉద్యోగమయిందట. ఆఫీసు షోళింగనల్లూరులో, పాత మహాబలిపురం రోడ్డు మీద. పది నెలల పిల్లాడితో, పర్లాకిమిడిలో ఒంటరిగా ఉంటున్న అత్తగారిని కూడా వెంటబెట్టుకుని కాపురం మార్చేస్తున్నారు. "అత్తా, నీ ఫోనుకి ఒక పట్టిక పంపాను. అయిదు పేటలు వ్రాశాను. ఏ పేటలో దిగమంటావో ఒక్క మాటలో చెప్పెయ్" అంది.

పట్టిక చూశాను. ఈ కాలపు పిల్లలు ఏ పనైనా శుభ్రంగా చేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. వేళచ్చేరి, పళ్ళిక్కరణై, మేడవాక్కం, తాంబరం, చివర్న నన్ను సంతోషపెట్టటానికేమో పెరంబూరు. ప్రతి పేరుకీ ఎదురుగా అద్దె, ఆఫీసుకి ఎన్ని కిలోమీటర్లు, ఆసుపత్రి, బడి, సూపర్ మార్కెట్టు. అన్నీ చదివి, "బాగుందే. ఇందులో మీ అత్తగారెక్కడున్నారు?" అన్నాను.

"అదేంటత్తా, ఆవిడ మాతోనే కదా ఉంటారు!" అంది.

నేనూ ఒకప్పుడు సరిగ్గా అలాగే అనుకున్నాను. అందుకే ఈసారి ఈ శీర్షికలో పండగ పిండివంటలు ప్రక్కన పెట్టి, మా ఇల్లు మారిన కథ చెప్తాను. మన పత్రిక చదివేవాళ్ళలో ఊరు మారనివాళ్ళు ఎంతమంది? ముంబయి వెళ్ళేవాళ్ళని ముందు "ఏ లైను?" అని అడుగుతారు, బెంగుళూరు వెళ్ళేవాళ్ళని "ఆఫీసు ఏ మూల?" అని అడుగుతారు. ఇంట్లో మిగిలేది ఎవరు అని అడిగినవాళ్ళని నేను చూడలేదు.

2014 మే నెలలో మావారికి బరంపురం నుంచి చెన్నై బదిలీ అయింది. ఆఫీసు గిండీలో. ఇంట్లో మేము నలుగురం. మావారు, నేను, ఆరో తరగతికి వచ్చిన అమ్మాయి, డెబ్భై నాలుగేళ్ళ మా అత్తగారు. ఇల్లు ఎక్కడ చూసుకోవాలన్న ప్రశ్నకి మా పెదమామగారి దగ్గర సిద్ధంగా జవాబుంది. "టీనగర్లో దిగండర్రా, వీధిలో కాలు పెడితే తెలుగే" అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా బరంపురం కూడా మద్రాసు రాజధానిలోదే కదా, ఆ తరంవాళ్ళకి మద్రాసు మీద ఒక హక్కు ఉన్నట్టే ఉంటుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన నిజం. ఆ నగరు పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, అక్కడి పార్కు పేరు 1920లలో మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్లు రాజావారిది. ఇద్దరూ తెలుగువారే. కానీ సినిమావాళ్ళు హైదరాబాదు తరలిపోయి చాలాకాలమయింది. అద్దెలు మాత్రం వాళ్ళతో తరలిపోలేదు. రెండిళ్ళు చూసి, అద్దె విని, మంచినీళ్ళు తాగి బయటపడ్డాం.

అప్పుడు మావారు కూడా ఒక పట్టిక వేశారు. కాగితం మీద, స్కేలు పెట్టి గీతలు గీసి. ఆ పట్టిక ప్రకారం గెలిచింది తాంబరం. గిండీకి లోకల్ రైల్లో నేరుగా అరగంట, మారే పని లేదు. స్టేషనుకి పడమరగా, ముడిచ్చూరు వైపు ఇల్లు దొరికింది. క్రింది వాటా, మూడు గదులు, వెనక జామచెట్టు, ఎదురుగా ఖాళీ స్థలం, దాని మీదుగా గాలి. మే నెలలో, నడినెత్తిన ఎండ పెట్టుకుని చూశాం కదా, ఆ గాలికే పడిపోయాం. పది నెలల అద్దె అడ్వాన్సు ఇచ్చి చేరాం. (అప్పట్లో చెన్నైలో అదే రివాజు. 2019 నుంచి అమల్లోకి వచ్చిన అద్దె చట్టం మూడు నెలల అద్దే అడ్వాన్సు అంటుంది గానీ, ఒప్పందంలో వేరేగా వ్రాసుకుంటే అదే చెల్లుతుంది. సంతకం పెట్టేముందు ఆ వాక్యం చదువుకోండి.)

ఆ వీధి పేరులో 'ఏరిక్కరై' అన్న ముక్క ఉంది. మాకు తమిళం రాదు. అదేదో దేవుడి పేరనుకున్నాను. ఏరి అంటే చెరువు, కరై అంటే గట్టు. చెరువుగట్టు వీధిలో చేరి, చెరువెక్కడుందో అడగని తెలివైనవాళ్ళం మేము! వీధి మొదట్లో ఒక పాత ఇల్లుండేది, దానికి అయిదు మెట్లు. మా ఇంటికి ఒక్క మెట్టు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికి హాయి అనుకున్నాం. ఆ పాత ఇల్లు కట్టినాయన అయిదు మెట్లు ఎందుకు కట్టాడో ఆలోచించలేదు.

చెన్నై చుట్టుప్రక్కల ఇలాంటి పేర్లు బోలెడు. వాడుకలో మనం పట్టించుకోం గానీ, ఏరి, కుళం, తాంగల్ అని వినబడితే అక్కడ ఒకప్పుడో ఇప్పుడో నీళ్ళున్నాయన్నమాట. మా పెదమామగారి టీనగర్ కూడా 1920లలో పెద్ద చెరువుని పూడ్చి వేసినదే. పశ్చిమ మాంబళంలో ఇప్పటికీ లేక్ వ్యూ రోడ్డు ఉంది. వ్యూ చూద్దామంటే లేకు లేదు.

సరే, మా అత్తగారి సంగతికి వస్తాను. బరంపురంలో ఆవిడ రోజు వీధరుగు మీద మొదలయ్యేది. కూరలబ్బి, పాలవాడు, గుడికెళ్ళేవాళ్ళు, గుడినుంచి వచ్చేవాళ్ళు, అందరూ ఆ అరుగు ముందు నుంచే వెళ్ళాలి, అందరూ ఒక మాట చెప్పి వెళ్ళాలి. తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా, ఆవిడకి రెండూ ఒకటే. తాంబరంలో ఉదయం ఏడుంబావుకి ఆయన, ఎనిమిదికి అమ్మాయి, తొమ్మిదికి నేను బయటపడేవాళ్ళం. దగ్గర్లో ఒక బడిలో టీచరు పని దొరికింది నాకు. మళ్ళీ మూడున్నరకి వచ్చేదాకా ఆవిడకి టీవీ, జామచెట్టు.

రానురాను మాటలు తగ్గించేశారు. ఏమైనా అడిగితే "ఏటుందమ్మా చెప్పడానికి" అనేవారు. వయసు మీద పడింది అనుకున్నాం. నిజం చెప్తున్నాను, మా బాధ్యత తప్పించుకోవటానికి అంతకంటే సులువైన మాట లేదు.

ఒకరోజు బడికి ఒంటిపూట సెలవిస్తే పదకొండు గంటలకి ఇంటికొచ్చాను. అత్తగారు ఇంట్లో లేరు. గుండె ఆగినంత పనయింది. చూస్తే, ఎదురు ఖాళీ స్థలంలో ఇల్లు కడుతున్నారు, ఆ ఇసకగుట్ట ప్రక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. చుట్టూ నలుగురు కుర్రాళ్ళు చద్దన్నం తింటున్నారు. మా గంజాం జిల్లా కూలీలు! ఎవరి ఊరేదో, ఎవరి తల్లికి ఒంట్లో ఎలా ఉందో, ఎవరు ఇంటికి డబ్బు పంపలేదో, ఆవిడకి మొత్తం తెలుసు. రెండు నెలలుగా రోజూ అక్కడికి వెళ్తున్నారట. మాకు తెలీదు. తెలుగువాళ్ళుండే మద్రాసని వచ్చి, ఆవిడ ఒడియాలో బ్రతికారు. ఆ ఇల్లు పూర్తయింది, కుర్రాళ్ళు ఇంకో పనికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆవిడ అన్నం తినలేదు. అయినా మేము ఇల్లు మారాలని అనుకోలేదు. పట్టిక ప్రకారం అంతా బాగానే ఉంది మరి.

2015 నవంబరంతా వాన. చెన్నైకి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని పుస్తకంలో చదువుకున్నదే, ఆ ఏడు ఒంటికి తెలిసింది. డిసెంబరు 1న కురిసిన వాన తాంబరంలో ఒక్కరోజే 49 సెంటీమీటర్లు. చెరువులు తెగి, అడయారు పొంగి, రాత్రి పదకొండు దాటాక నీళ్ళు ఒక్క మెట్టెక్కి ఇంట్లోకి వచ్చాయి. గంటలో మంచం తేలింది. కరెంటు లేదు, ఫోను లేదు. మావారు అత్తగారిని వీపున ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్ళారు. పై వాటాలో ఉన్నది తమిళ కుటుంబం. మెట్ల మీద ఎదురైతే నవ్వుకోవటమే తప్ప అంతకుముందు పరిచయం లేదు. మూడు రాత్రులు మా నలుగురికీ అన్నం పెట్టి, పరుపులిచ్చి, వాళ్ళు చాపల మీద పడుకున్నారు.

ఆ ఇంట్లోనూ ఒక ముసలావిడ ఉన్నారు. ఆవిడకి తెలుగు రాదు, మా ఆవిడకి తమిళం రాదు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, క్రింద నీళ్ళలో కొట్టుకుపోతున్న బిందెలూ కుర్చీలూ చూపించుకుంటూ, ఎవరి భాషలో వాళ్ళు రోజంతా మాట్లాడుకున్నారు. నాలుగో రోజు నీళ్ళు తీశాక క్రిందికి దిగుతూ మా అత్తగారు అన్న మాట నేను మర్చిపోలేను. "ఈవిడ ఇన్నాళ్ళూ మనింటి మీదే ఉందేటే?"

ఏడాదిన్నర! మధ్యలో ఉన్నవి పద్దెనిమిది మెట్లు. ఈవిడ ఎక్కలేరు, ఆవిడ దిగలేరు. భాష ఒక్కటే అడ్డమనుకుని నేను ఊరుకున్నాను. అడ్డం భాష కాదు, మెట్లు.

ఆవిడ పెళ్ళినాటి బరంపురం పట్టుచీర ట్రంకుపెట్టెలో బురదలో నానిపోయింది. పై ఇంటి ఆవిడే ఉతికి ఆరేసి, మడతపెట్టి ఇచ్చారు. అంచు రంగు మాత్రం ఒళ్ళంతా పాకింది.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఇల్లు వెతికాం. ఈసారి పట్టిక వేయలేదు. ఒక్కటే ప్రశ్న పెట్టుకున్నాం. పొద్దున్న పదకొండు గంటలకి ఈ వీధిలో ఎవరుంటారు? అందరం ఆదివారాలు ఇళ్ళు చూస్తాం, అందరూ ఇంట్లో ఉండే రోజు! నేను మామూలు రోజుల్లో సెలవు పెట్టి, సరిగ్గా ఆ వేళకి, అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని. ఇంటాయన్ని ఒక్క మాట అడగలేదు. ఇస్త్రీ బండివాడిని అడిగాను, పాల బూత్‌లో అడిగాను, "మొన్న డిసెంబర్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?" అని. చేత్తో మోకాలు చూపించేవాడొకడు, నడుం చూపించేవాడొకడు. గోడల మీద మరక ఎంత ఎత్తున ఉందో చూశాను. మెట్లు లెక్కపెట్టాను. కొళాయిలో మెట్రో నీళ్ళు వస్తాయా, బోరు నీళ్ళేనా అని రుచి చూశాను. బోరు నీళ్ళు కొన్నిచోట్ల ఉప్పు కషాయం.

అలా పెరంబూరులో ఒక సందుకి చేరాం. రైల్వే పనివాళ్ళు తరాలుగా ఉన్న పేట అది. తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. సందు మొదట్లో పూలబుట్టతో కూర్చున్నావిడ మా అత్తగారిని చూసి, "ఏం కావాల అవ్వా? ఎవరింటికి వచ్చుండారు?" అంది.

అత్తగారు ఆగిపోయారు. బుట్ట ప్రక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. నేను ఇల్లు చూసి, అద్దె మాట్లాడి వచ్చేసరికి నలభై నిమిషాలయింది, ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఆటో ఎక్కాక నాతో రహస్యంగా, "అదేటి తెలుగే! సగం అరవం. మనం దిద్దాలి" అన్నారు. ఆ సాయంత్రం రెండోసారి కూడా అన్నం వడ్డించమన్నారు.

ఇక ఈ ఇంటికి మేము కట్టిన ధర చెప్పకపోతే అబద్ధమాడినట్టే. అద్దె నెలకి మూడువేలు ఎక్కువ, గది ఒకటి తక్కువ. గాలి లేదు. దగ్గరి ఓటేరి కాలువ పుణ్యమా అని దోమలు మాత్రం ఉన్నాయి. మావారు పెరంబూరులో రైలెక్కి సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్లో ఇంకో రైలెక్కి గిండీ వెళ్ళేవారు. 2019 ఫిబ్రవరిలో సెంట్రల్ నుంచి గిండీకి నేరుగా మెట్రో వచ్చేదాకా మూడేళ్ళు అదే పాట. ఆయన ఎప్పుడూ సణగలేదు, తల్లికోసం కదా. నేను తాంబరంలో ఉద్యోగం వదిలేశాను. మళ్ళీ దొరకటానికి ఏడాది పట్టింది.

అందరికంటే ఎక్కువ ఇచ్చింది మా అమ్మాయి. ఏడో తరగతి అయింది, స్నేహితులు కుదిరారు, అప్పుడు బడి మార్పించాం. సెంట్రల్ సిలబస్ కనుక చదువుకి చిక్కు రాలేదు. (తమిళనాడు వచ్చేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏటికో తరగతి చొప్పున బడుల్లో తమిళం తప్పనిసరి చేశారు. మీ పిల్లల తరగతికి, సిలబస్‌కి నియమం ఏమిటో బడిలో ముందే అడగండి.) కానీ కొత్త బడిలో ఏడాదిపాటు ఎవరితోనూ కలవలేదు. "నానమ్మకి మాట్లాడేవాళ్ళు కావాలని నాకు మాట్లాడేవాళ్ళు లేకుండా చేశారు" అంది ఒకరోజు. పదమూడేళ్ళ పిల్ల. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఇప్పుడు తను ఉద్యోగం చేసుకుంటోంది, ఆ మాట ఎత్తితే నవ్వేస్తుంది, నేను నవ్వలేను.

పెరంబూరు వచ్చాం కదా అని నీళ్ళ బాధ తీరిందనుకోకండి, తల్లక్రిందులయింది. 2019 వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోతే, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చి, మాకు దగ్గర్లోని విల్లివాక్కంలో దింపారు. మా వీధిలో బిందెలు వరుసలో పెట్టి ట్యాంకరు కోసం కాచుకునేవాళ్ళం. ఆ వరుసలో మా అత్తగారిది స్టూలు వేసుకుని కూర్చునే ఉద్యోగం. ఎవరి బిందె ఎక్కడుందో గుర్తుపెట్టుకుని తగవులు తీర్చేవారు. 2023 డిసెంబరు తుఫానులో మా సందులోనూ చీలమండ దాకా నీళ్ళు నిలిచాయి. అదేసారి వేళచ్చేరి, పళ్ళిక్కరణై, ముడిచ్చూరు మునిగాయి. మా తాంబరం ఇంటి మేడమీదివారికి ఫోను చేశాను. వాళ్ళు అప్పటికే ఇల్లు మారిపోయారట.

ఆ తుఫాను నాటికి అత్తగారు లేరు. 2022లో వెళ్ళిపోయారు. పెరంబూరులో ఆరేళ్ళున్నారు, పూలావిడ తెలుగు దిద్దలేకపోయారు. సరికదా, చివర్లో ఈవిడే "వచ్చుండారా?" అని అడగటం మొదలుపెట్టారు. ఆ రోజు పూలకి ఆవిడ డబ్బు తీసుకోలేదు.

ఇదంతా ఫోనులో మా మేనకోడలికి చెప్పాను. పెరంబూరు వచ్చెయ్యమని మాత్రం అనలేదు. అక్కడినుంచి షోళింగనల్లూరు నగరానికి ఆ చివర. అల్లుడు రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదుంటే పది నెలల పిల్లాడికి తండ్రి ఆదివారం చుట్టమే అవుతాడు. అటువైపే చూసుకోమన్నాను. అయితే పళ్ళిక్కరణై చిత్తడినేల ఎక్కడిదాకా ఉండేదో అక్కడి పాతవాళ్ళని అడగమన్నాను. ఆ నేల చుట్టుప్రక్కల ఎన్నో చెరువుల నీళ్ళు వచ్చి చేరే చోటు. 2022లో దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది గానీ, అప్పటికే చాలా భాగం మీద ఇళ్ళు లేచిపోయాయి. అపార్టుమెంటు కొత్తదా పాతదా అన్నది తర్వాత, నేల ఎత్తెంతో ముందు చూడమన్నాను. లిఫ్టు ఉందా, కరెంటు పోతే నడుస్తుందా, క్రింద పెద్దవాళ్ళు కూర్చునే బల్ల ఏదైనా ఉందా, పదకొండు గంటలకి ఆ బల్ల మీద ఎవరున్నారు?

"మరి తెలుగువాళ్ళుండాలా అత్తా?" అంది.

ఉంటే మంచిదే. లేకపోతే కూర్చునే బల్ల ఉన్నా చాలు. మీ అత్తగారికి ఏ భాషలు వచ్చునో ఎప్పుడైనా అడిగావా అన్నాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. పర్లాకిమిడిలో పుట్టిపెరిగినావిడ కదా, తెలుగూ ఒడియా ఎలాగూ వచ్చు, సవర కూడా కొంచెం వచ్చునట. సంతకి వచ్చేవాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నారట. పెళ్ళయిన నాలుగేళ్ళకి ఆ రోజే తెలిసింది దీనికి.

ఇల్లు చూడటానికి మే నెల దాకా ఆగుతామన్నారు, వద్దన్నాను. దీపావళి వెళ్ళాక, వాన పట్టుకున్నప్పుడు రమ్మన్నాను. నిన్న మళ్ళీ ఫోను చేసింది. నవంబరు రెండో వారానికి మెయిల్లో మూడు టిక్కెట్లు తీశారట. మూడోది వాళ్ళత్తగారికి. గొడుగులు తెచ్చుకోమన్నాను. స్టూలు మా ఇంట్లో ఉంది.